అదునూ పదునూ



మా వీధిలో ఇద్దరు పిల్లలున్నారు. అబ్బాయి ఇంటర్, అమ్మాయి డిగ్రీ. ఈ మధ్య ఒక సాయంత్రం ఇద్దరూ మా ఇంటికొచ్చి, "సార్, మీరు గిటారును వేళ్లతో ఒక్కో తీగా మీటుతూ వాయిస్తారు కదా, దాన్ని ఏమంటారు? నేర్చుకోను పాటలు ఎక్కడ దొరుకుతాయి? ఎట్లాంటి గిటారు కొనాల?" అని అడిగారు. నేను అనంతపురం జిల్లా కూడేరు వైపు ఒక ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పే బడిపంతుల్ని. నలభై ఒకటో ఏట గిటారు పట్టుకున్నాను. అప్పుడు నావీ ఇవే మూడు ప్రశ్నలు. జవాబు చెప్పేవాళ్లు దొరక్క రెండేళ్లు తిరిగాను. మీ ఇంట్లోనూ ఇట్లా అడిగే పిల్లలుండవచ్చు. లేదా ఎప్పటినుంచో మనసులో ఉండి బయటికి అడగని పెద్దలు ఉండవచ్చు. వాళ్లందరి కోసం ఈ నాలుగు మాటలు.

గిటారు అనగానే మన కళ్ల ముందు కదిలేది ఒక చెయ్యి ఆరు తీగల మీదా పైకీ కిందికీ ఊగడం. దాన్ని స్ట్రమ్మింగ్ అంటారు. పదిమంది కూడి పాడుతుంటే వెనక నుంచి ఊపు ఇవ్వడానికి అది చక్కగా పనికొస్తుంది. ఇంకో పద్ధతి ఉంది. అందులో బొటనవేలు కింది స్థాయిలో పలికే లావు తీగలను నడక తప్పకుండా మీటుతూ ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. ఒక్క మనిషే, ఒక్క వాద్యమే. అయినా వింటుంటే ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. దీని పేరు ఫింగర్ పికింగ్. పేరు తెలియడం చిన్న విషయం కాదు. పేరు తెలియకపోతే అంగడికి వెళ్లి ఏమని అడుగుతాం? నాకు ఆ నాదం సినిమా పాటల మొదట్లో వినిపించేది. ముఖ్యంగా ఇళయరాజా పాటల్లో. ఆయన సంగీత దర్శకుడు కాకముందు గిటారు వాయించి బతికిన మనిషి. ఆయన పాటల్లో గొంతు మొదలయ్యేలోపల గిటారు ఒక్కో చుక్కా రాలుస్తుంటే, అది నేర్చుకోవాలని ఎన్నేళ్లు అనుకున్నానో. దానికి ఒక పేరుంటుందని, పాఠాలుంటాయని మాత్రం తెలియదు.

ఇది ఎక్కడో దేశంకాని దేశపు విద్య అనుకోవద్దు. మన పల్లెల్లో తత్వాలు పాడే పెద్దమనుషుల్ని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. భుజానికి ఆనించిన తంబూర మీద వేలు ఆగకుండా శ్రుతి మీటుతుంటుంది. పాట ఆ శ్రుతి మీద నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. వేలు మాత్రం ఆగదు. గిటారు మీద బొటనవేలు చేసే పని అదే. వీణ కూడా అంతే. వీణ వాయించేవాళ్ల కుడిచేతిని ఒకసారి గమనించండి. చూపుడువేలు, మధ్యవేలు పాట తీగలను మీటుతుంటే, చిటికెనవేలు పక్కనున్న మూడు తాళపు తీగలను మీటి లెక్క నిలబెడుతుంది. పాటకు కొన్ని వేళ్లు, తాళానికి ఒక వేలు. గిటారు మీద తాళం పని బొటనవేలికి వచ్చింది. తేడా అంతే.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి నాట్యమండపంలో స్తంభం మీద తుంబురుడు వీణ పట్టుకొని నిలబడి ఉంటాడు. అచ్యుత దేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో కట్టిన గుడి అది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1536లో, స్పెయిన్ దేశంలో వలెన్సియా అనే ఊళ్లో లూయిస్ మిలాన్ అనే విద్వాంసుడు ఎల్ మాయెస్త్రో అనే పుస్తకం అచ్చువేయించాడు. ఎల్ మాయెస్త్రో అంటే గురువు. గిటారుకు పూర్వపు వాద్యం విహుయెలాను కొత్తగా పట్టుకున్నవాడి కోసం, తేలిక పాఠాలతో మొదలుపెట్టి క్రమంగా కష్టమైనవాటికి తీసుకెళ్లే పుస్తకం. అందులో సంగీతాన్ని గీతల మీద అంకెలతో రాశాడు. ఒక్కో గీత ఒక్కో తీగ. గీత మీద అంకె, ఎన్నో మెట్టు మీద వేలు నొక్కాలో చెబుతుంది. ఈరోజు మన పిల్లలు ట్యాబ్ అని పిలుచుకునేది ఇదే. సన్న తీగ పై గీతగా, లావు తీగ కింది గీతగా రాయడం కూడా మిలాన్ రాసినట్టే. దాదాపు అయిదు వందల ఏళ్లనాటి లిపి ఇది. ఎవరైనా పది నిమిషాల్లో చదవడం నేర్చుకోవచ్చు. మన దగ్గర అదే కాలంలో, విజయనగర రాజ్యంలో, పురందరదాసు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అని తొలి పాఠాలకు ఒక వరస కట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఒకరి పేరు ఒకరు విననంత దూరంలో ఉన్న ఇద్దరు గురువులు, తొలిమెట్టు మీద నిలబడినవాడి గురించే ఆలోచించారు. నేర్చుకునేవాడికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

ఇక పాటలు ఎక్కడ దొరుకుతాయి అన్న ప్రశ్న. నాకు తెలిసి మూడు దారులున్నాయి.

మొదటిది యూరప్ శాస్త్రీయ గిటారు. 1812లో మౌరో జూలియాని అనే ఇటలీ విద్వాంసుడు కుడిచేతి కోసమే 120 పాఠాలు రాశాడు. అన్ని పాఠాల్లోనూ ఎడమచెయ్యి పట్టేవి రెండే కార్డులు, అంటే కలిసి పలికే స్వరాల గుత్తులు. ఎడమచేతికి విశ్రాంతి ఇచ్చి, కుడిచేతి వేళ్లు ఎన్ని వరసల్లో కదలగలవో అన్ని వరసలూ చూపిస్తాడు. ఇవి మన సరళీ స్వరాలకు చుట్టాలు. రోజుకు ఒకటి చొప్పున, మెల్లగా, తప్పు లేకుండా. తర్వాత కార్కాసి అనే విద్వాంసుడి పాఠాలు, ఆ తర్వాత ఫ్రాన్సిస్కో తారెగా చిన్న చిన్న కృతులు. వీళ్లంతా వంద, రెండు వందల ఏళ్ల కిందటివాళ్లు. రాసినవాటి మీద ఇప్పుడు ఎవరికీ హక్కుల్లేవు. పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. వాటిలో వేళ్లకు అక్షరాల గుర్తులుంటాయి. బొటనవేలికి పి, చూపుడువేలికి ఐ, మధ్యవేలికి ఎం, ఉంగరపువేలికి ఏ. అవి ఆ వేళ్ల స్పానిష్ పేర్లలోని తొలి అక్షరాలు.

రెండోది అమెరికా దక్షిణాది పల్లెల పాట. ఇది నా మనసుకు చాలా దగ్గర. మిసిసిపి రాష్ట్రంలో అవలాన్ అనే చిన్న ఊరు. అక్కడ జాన్ హర్ట్ అనే నల్లజాతి వ్యవసాయ కూలీ ఉండేవాడు. గిటారు తనంతట తానే నేర్చుకున్నాడు. 1928లో ఒక కంపెనీవాళ్లు పిలిచి కొన్ని పాటలు రికార్డు చేశారు. అవి అమ్ముడుపోలేదు. మరుసటి ఏడే అమెరికాను ఆర్థిక మాంద్యం ముంచేసింది. హర్ట్ ఊరికి తిరిగివచ్చి పొలం పని చేసుకున్నాడు. ముప్పై అయిదేళ్లు బయటి లోకానికి ఆయన ఊసు లేదు. 1963లో ఒక యువకుడు ఆ పాత రికార్డు వింటుంటే పాటలో అవలాన్ అన్న ఊరి పేరు వినిపించింది. ఆ పేరు పట్టుకొని వెతుక్కుంటూ వెళ్తే, డెబ్బై ఏళ్ల హర్ట్ అక్కడే ఉన్నాడు. ఆ ఏడే న్యూపోర్ట్ సంగీత ఉత్సవంలో వేలమంది ముందు వాయించాడు. 1966లో కన్నుమూశాడు. ఆయన వాద్యం వినండి. బొటనవేలు ఎద్దు నడకలా ఒకే తీరున సాగుతుంటుంది. పై వేళ్లు మాట్లాడుతున్నట్టు పాట చెబుతాయి. తొందర ఉండదు. గొంతు కూడా పెంచడు. పగలంతా పొలంలో వంగిన మనిషి, రాత్రి మంచం మీద కూర్చొని తనకోసం వాయించుకున్న పాట అది.

ఆయన ఈడుదే ఎలిజబెత్ కాటన్. ఉత్తర కరోలినాలో రైలు కట్ట పక్కన పెరిగింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇళ్లలో పాచిపని చేసి కూడబెట్టిన డబ్బుతో, మూడు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లకు ఒక గిటారు కొనుక్కుంది. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా గిటారును తిప్పి పట్టుకుంది. దాంతో లోకమంతా వేళ్లతో మీటే పాటను ఆమె బొటనవేలితో మీటింది, బొటనవేలితో మీటే శ్రుతిని వేళ్లతో మీటింది. గూడ్సు రైలు మీద ఆమె పాట కట్టినప్పుడు పన్నెండేళ్లు కూడా దాటలేదు. గుంతకల్లు జంక్షన్ పక్కన పెరిగినవాళ్లు ఆ పాట వింటే, రాత్రిపూట గూడ్సు బండి పట్టాల అతుకుల మీద వేసే దరువును గుర్తుపడతారు. పెళ్లయ్యాక ఆమె గిటారును చాలా ఏళ్లు పక్కన పెట్టేసింది. నడివయసులో ఒక ఇంట్లో పనికి కుదిరినప్పుడు, ఆ ఇంటి గోడకున్న గిటారును మళ్లీ చేతిలోకి తీసుకుంది. 1985లో ఆమెకు గ్రామీ పురస్కారం వచ్చింది. అప్పటికి తొంభై దాటాయి. "వయసైపోయింది, ఇప్పుడేం నేర్చుకుంటాం" అనేవాళ్లకు నేను ఈ తల్లి పేరే చెబుతాను.

మూడో దారి మనది. దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు. గిటారు ఉన్నవాళ్లు ఈ మాటలు రాసుకోండి. ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావు తీగను, నాలుగో తీగ పలికే స్వరానికి సరిగ్గా ఒక స్థాయి కింద పలికేదాకా వదులు చేయండి. ఇప్పుడు ఆరో తీగ సా, అయిదో తీగ పా, నాలుగో తీగ పై సా. మన తంబూర మీ ఒళ్లో ఉన్నట్టే. రెండో తీగ మూడో మెట్టు మీద సా. ఒకటో తీగ ఊరికే మీటితే రి. దాని రెండో మెట్టు గా, అయిదో మెట్టు పా, ఏడో మెట్టు దా, పదో మెట్టు పై సా. ఇది మోహన రాగం. ఇంగ్లండ్‌లో డేవీ గ్రాహం అనే గిటారు విద్వాంసుడు 1960ల మొదట్లో మొరాకో వెళ్లి, అక్కడి ఊద్ వాద్యకారులతో కలిసి వాయించడానికి ఒక కొత్త శ్రుతి కట్టుకున్నాడు. దాన్ని మన లెక్కలో చెప్పాలంటే సా పా సా మా పా సా. ఈరోజు లోకమంతా ఆ శ్రుతి వాడుతోంది. వినగానే మన చెవికి సొంత మనిషి పిలిచినట్టుంటుంది.

గిటారు లేనివాళ్లు కూడా ఇప్పుడు నాతో ఒక పని చేయండి. కుడి అరచేతిని మోకాలి మీద పెట్టుకోండి. బొటనవేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తడుతూ ఉండండి. సమంగా. ఇప్పుడు ఒకటి అన్నప్పుడు బొటనవేలితో పాటు ఉంగరపువేలు కూడా తట్టండి. రెండుకూ మూడుకూ నడుమ చూపుడువేలు ఒక్కటే తట్టండి. మళ్లీ మొదటినుంచి. చూశారా, పై వేలు కదలగానే బొటనవేలు తడబడుతుంది. ఆ తడబాటు పోవడమే ఈ విద్యలో సగం. నాకు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. బస్సులో కూర్చున్నా మోకాలి మీద ఇదే పని.

వేళకు పడడమే ఇక్కడ అసలు సంగతి. మన జిల్లా రైతుకు ఇది నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే నేల మనది. ఎంత కురిసిందని మనం అడగం, అదునుకు కురిసిందా అని అడుగుతాం. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఒక్క మంచి వాన పడితే కాయ నిండుతుంది. అదే వాన నెల తర్వాత పడితే కట్టెకు కూడా పనికిరాదు. వేళ్లతో మీటే పాట కూడా అంతే. స్వరాలు కొద్దే. ఆ కొద్ది స్వరాలు అదునుకు రాలాలి. బొటనవేలు ఆ అదును చూపిస్తుంది. అందుకే కొత్తవాళ్లకు నా మాట: పది పాటలు సగం సగం నేర్చుకోవద్దు. ఒక్క చిన్న పాట, ఎనిమిది వరసలదైనా సరే, మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వాయించండి. పూర్తయిన ఒక్క పాట ఇచ్చే బలం, అసంపూర్తి పాటలు వంద కూడా ఇవ్వవు.

ఇప్పుడు గిటారు సంగతి.

నా మొదటి గిటారు ఎక్కడ కొన్నానో చెప్పను. చూడ్డానికి నిగనిగలాడేది. వారం తిరక్కుండానే ఎడమచేతి వేళ్ల కొనలు పగిలి, సుద్దముక్క పట్టుకుంటే మంట పుట్టేది. తప్పు నా వేళ్లదే అనుకుని మూడు నెలలు పళ్లు బిగించి వాయించాను. ఒకరోజు స్కూలు పిల్లాడి స్కేలు తీసుకొని పన్నెండో మెట్టు దగ్గర కొలిచాను. మెట్టుకూ లావు తీగకూ మధ్య 4 మిల్లీమీటర్ల ఎడం. రెండున్నర దగ్గర ఉండవలసింది. అంత ఎత్తునుంచి తీగను కిందికి నొక్కాలంటే వేళ్లు తెగక ఏమవుతాయి?

పాతూరులో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గిటారు పట్టుకోవడం అదే మొదటిసారి. తీగలు వదులు చేసి, వీణ మీద గుర్రం అంటామే, గిటారు మీద ఆ గుర్రంలో దిగిన తెల్లటి పట్టెను బయటికి లాగాం. పన్నెండో మెట్టు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు దిగాలంటే, ఇక్కడ పట్టెను దానికి రెట్టింపు, అంటే 3 మిల్లీమీటర్లు, అరగదీయాలి. తీగ పొడవులో పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి ఆ లెక్క. ఆయన అద్దం పలక మీద ఉప్పు కాగితం పరిచి, పట్టెను నిటారుగా పట్టుకొని, ముందుకూ వెనక్కూ రుద్దాడు. పది రుద్దుళ్లకోసారి ఆపి, పెన్సిలు గీత చూసి, వేలితో అంచు తడిమేవాడు. ఒక మిల్లీమీటరు తగ్గగానే ఆపేశాడు. "సార్, మళ్లా తీగలు కట్టి చూసుకోండి. తక్కువ తీస్తే ఇంకా తీసుకోవచ్చు. ఎక్కువ తీస్తే పెట్టేది లేదు" అన్నాడు. మూడుసార్లు తీగలు కట్టాం, మూడుసార్లు విప్పాం. పొద్దుగూకే వేళకు నేను ఆ గిటారు మీద వేలు పెడితే, వేరే గిటారు ఎవరో తెచ్చి ఇచ్చినట్టుంది. ఆయన యాభై రూపాయలు తీసుకున్నాడు.

అందుకే, "సార్, ఎట్లాంటి గిటారు కొనాల" అన్న పిల్లలకు మొదట చెప్పింది ఇది: ఉన్న గిటారును ముందు సరిచేయించుకోండి. తీగల ఎత్తు కొలవండి. పన్నెండో నంబరు తీగల సెట్టు ఉంటే, దాని బదులు పదకొండో నంబరో పదో నంబరో వేయండి. తీగలు సన్నబడితే బిగువు తగ్గుతుంది, వేలికి హాయి. వేళ్లు మరీ సున్నితమైతే నైలాన్ తీగల గిటారు పట్టుకోండి. ఇనుప తీగల గిటారుకు నైలాన్ తీగలు, నైలాన్ గిటారుకు ఇనుప తీగలు మాత్రం వేయకూడదు. ఇనుప తీగల బిగువుకు నైలాన్ గిటారు గుర్రం ఊడి వస్తుంది.

అంతా చేశాక కూడా మనసు ఇంకొంచెం మంచి నాదం కోరితే, అప్పుడు కొత్తది. కంపెనీ పేర్లు చెప్పను, గుర్తులు చెబుతాను. ఒకటి, తీగల మధ్య ఎడం. మెడ మొదట్లో, వీణకు మేరువు ఉండే చోట, మామూలు గిటారు వెడల్పు 43 మిల్లీమీటర్లు ఉంటుంది. వేళ్లతో మీటేవాళ్లకు ఇంకొక మిల్లీమీటరో, ఒకటిన్నరో ఎక్కువుంటే పక్క తీగ తగలదు. నైలాన్ గిటారుకు 52 దాకా ఉంటుంది. రెండు, ఒళ్లు. పెద్ద ఒళ్లున్న గిటారు స్ట్రమ్మింగ్‌కు గట్టిగా మోగుతుంది. వేళ్లతో మెల్లగా మీటేవాళ్లకు నడుము సన్నగా ఉన్న చిన్న ఒళ్లే నయం. కొద్దిపాటి మీటుకే పలుకుతుంది, ఒక్కో స్వరం విడివిడిగా వినిపిస్తుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం, పై పలక. చవక గిటార్లకు అది ప్లైవుడ్. మంచివాటికి ఒకటే చెక్క. నాదం రంధ్రం అంచును దగ్గరగా చూడండి. పై పలక మీది చెక్క గీతలు అంచులోకి కూడా అలాగే దిగితే ఒకటే చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. పక్కలూ వీపూ ప్లైవుడ్ అయినా ఫర్వాలేదు, పై పలక ఒక్కటి అసలు చెక్క అయితే చాలు.

ఈ మాటకు సాక్ష్యం ఉంది. ఈరోజు మనం చూస్తున్న గిటారు రూపాన్ని స్థిరపరిచినవాడు ఆంతోనియో దె తోరెస్. 1817లో పుట్టాడు. మొదట వడ్రంగి. పై పలకే గిటారుకు ప్రాణమని నిరూపించడానికి, 1862లో ఒక గిటారు చేశాడు. దాని వీపూ పక్కలూ చెక్క కాదు, కాగితపు గుజ్జు అట్ట. పై పలక మాత్రం మంచి చెక్క. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. బార్సిలోనా మన అనంతపురానికి పరాయి ఊరు కాదు. 1969లో ఇక్కడికి వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది ఆ ఊళ్లోనే. ఇంకో మాట. తోరెస్ పుట్టిన అల్మెరియా ప్రాంతం యూరప్‌లోకెల్లా వాన తక్కువ పడే మూల. ఏడాదికి 200 మిల్లీమీటర్లు. మనకు పడమటి కనుమలు ఎలా నైరుతి వానను అడ్డగిస్తాయో, వాళ్లకూ కొండలు అలాగే అడ్డం. గిటారుకు ఈ రూపం ఇచ్చిన చేతులు మనలాంటి వాననీడ నేలలోవే.

తారెగా పేరు ఇందాక చెప్పాను. 1869లో, పదహారు పదిహేడేళ్ల కుర్రాడిగా, మెరుగైన గిటారు కోసం సెవిల్ నగరంలో తోరెస్ అంగడికి వెళ్లాడు. తోరెస్ ముందు ఒక సామాన్యమైన గిటారు చేతికిచ్చాడని, కుర్రాడి వాద్యం విన్నాక లోపలికి వెళ్లి, అయిదేళ్ల కిందట తనకోసం చేసి ఉంచుకున్న గిటారు తెచ్చి ఇచ్చాడని చెబుతారు. అంగడికి వెళ్లినప్పుడు నేను దీన్ని గుర్తుంచుకుంటాను. ధర చీటీ చూడకముందు వాయించి చూడాలి. మీకొచ్చిన ఒక్క పాట, మీ చేతులతో, ఒక్కో గిటారు మీదా వాయించండి. బెంగళూరులో నేను ఒక పూటంతా అట్లా కూర్చుని, మెరుపు తక్కువున్న ఒక గిటారు ఎంచుకున్నాను. స్ప్రూస్ చెక్క పై పలక. మొదటి గిటారు ధరకు మూడింతలు. ఇంటికి తెచ్చి, అందరికీ కనపడేలా గోడకు తగిలించాను.

అక్కడే తప్పు చేశాను. ఏప్రిల్ దాటింది, మే వచ్చింది. మెడ పక్కన చెయ్యి జరిపితే మెట్ల కొనలు ముళ్లలా గీసుకుంటున్నాయి. తీగలు మెట్లకు తగిలి జరజరమంటున్నాయి. ఒక మధ్యాహ్నం టప్‌మని చప్పుడైంది. గుర్రం కింద నుంచి అంచుదాకా పై పలక మీద వెంట్రుకంత పగులు.

చెక్కకు ప్రాణం ఉంది. గాలిలో తేమను తాగుతుంది, వదులుతుంది. గిటారుకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలి. మా ఇంట్లో ఆ మధ్యాహ్నం 22 శాతం ఉందని తర్వాత కొన్న తేమ మీటరు చెప్పింది. ఎండాకాలం ఎద్దుల బండి చక్రం కుంచించుకుపోయి ఇనుప పట్టా వదులైతే, రైతు దాన్ని తడిపి బిగిస్తాడు. డప్పు వాయించేవాడు తోలు మెత్తబడితే మంట సెగ చూపి బిగిస్తాడు. తోలుకు సెగ కావాలి, చెక్కకు తేమ కావాలి. మన ఊళ్లలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన ఈ విషయం, గిటారు దగ్గరికొచ్చేసరికి నేను మరిచిపోయాను.

మందు చాలా చవక. ఒక సబ్బుపెట్టెకు పైన చిల్లులు పొడవండి. స్పాంజి ముక్కను తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి అందులో పెట్టండి. గిటారును గట్టి పెట్టెలో మూసి, ఆ సబ్బుపెట్టెను గిటారు తల దగ్గర ఉంచండి. ఫిబ్రవరి చివరినుంచి తొలకరి దాకా మూడు రోజులకోసారి తడపాలి. వాయించడం అయిపోగానే పెట్టెలో పెట్టెయ్యాలి. ఎండలో నిలిపిన కారులో, బస్సు ఇంజను పక్కన ఎప్పుడూ ఉంచకూడదు. తేమ మీటరు కొన్ని వందల్లో వస్తుంది, తీగల కంటే ముందు అది కొనండి. నా గిటారు పగులును బెంగళూరులో ఒక పనివాడు లోపలినుంచి సన్న చెక్కముక్కలు అతికించి సరిచేశాడు. మచ్చ ఉంది. నాదం పోలేదు.

రైతు విత్తనం వేసేముందు రెండు చూస్తాడు, అదును, పదును. వేళ తప్పకూడదు, నేలలో తడి ఉండాలి. గిటారు నాకు మళ్లీ నేర్పింది ఈ రెండు మాటలే. పాటకు అదును, చెక్కకు పదును.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి కరెంటు పోయింది. వీధంతా మిద్దెలెక్కింది. నేను గిటారు తెచ్చుకొని, ఆరో తీగను సా దాకా దించి, బొటనవేలితో సా పా సా మీటుతూ మోహనంలో మెల్లగా వాయించుకుంటున్నాను. పక్క మిద్దె మీద ఒక అవ్వ పడుకొని ఉంది. చిన్నప్పుడు భజనల్లో తత్వాలు పాడిన మనిషి. చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "ఏమప్పా సారూ, తంబూర ఎప్పుడు కొంటివి?"

నేను వాయించడం ఆపలేదు. కాసేపటికి అవ్వ ఆ శ్రుతికి గొంతు కలిపి ఒక తత్వం ఎత్తుకుంది. ఆమె ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగదీస్తుందో నాకు తెలియదు. వేళ్లను పక్కకు తప్పించి బొటనవేలు ఒక్కదాన్నే నడవనిచ్చాను. అది చాలు. కరెంటు వచ్చేదాకా పాడింది.

మీ ఇంట్లో ఒక మూలన దుమ్ము పట్టిన గిటారు ఉంటే, ఈ రాత్రి దాన్ని తీయండి. తీగల ఎత్తు కొలవండి. సబ్బుపెట్టెలో తడి పెట్టండి. బొటనవేలితో సా పా సా అని మీటండి.